జీబిఫ్‌తో నాలుగేళ్లు: పాలపిట్టను వెతుకుతూ

నాలుగేళ్ల కిందట, ప్రపంచంలో ఏ జీవి ఎక్కడ కనబడిందో రికార్డులు ఒకచోట పెట్టే జీబిఫ్ వెబ్‌సైట్‌లో పాలపిట్ట పేరు కొట్టి తెలంగాణ మ్యాప్ చూశాను. హైదరాబాద్ చుట్టూ చుక్కల మీద చుక్కలు. నల్గొండ జిల్లాలో మా ఊరి వైపు దాదాపు ఖాళీ. దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోతుంటే కరెంటు తీగల మీద ఏటా కనబడే పిట్ట మా దగ్గర లేదంటే ఎట్లా నమ్మేది? పిట్ట ఉంది, చూసి రాసేవాళ్లే లేరు.

2001లో మొదలైన ఈ వేదికలో మ్యూజియం నమూనాల నుంచి పక్షులు చూసేవాళ్లు ఈబర్డ్ సైట్‌లో పెట్టే చెక్‌లిస్టుల (చూసిన పిట్టల జాబితాల) దాకా 200 కోట్లకు పైగా రికార్డులున్నాయి. అన్నీ ఉచితమే, ఖాతా తెరిస్తే చాలు. డౌన్‌లోడ్ చేసుకునే ఫైలును సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) అంటారు గానీ లోపల కామాలకు బదులు ట్యాబ్‌లుంటాయి. అది చదవకుండా ఎక్సెల్‌లో తెరిచి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. తప్పు నాదే. ఇప్పుడు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే పని.

అసలు శ్రమ శుభ్రం చేయడంలో ఉంది. అక్షాంశం, రేఖాంశం రెండూ సున్నా అని పడ్డ పిట్ట ఆఫ్రికా పక్కన సముద్రంలో తేలుతుంది. దాన్ని పట్టుకోవడం తేలిక. పాత నమూనాకు జిల్లా పేరొక్కటే ఉంటే, ఎవరో జిల్లా నడిమధ్యన చుక్క పెట్టేస్తారు. అది చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. అందుకే చుక్క ఎన్ని మీటర్లు అటూఇటూ కావచ్చో చెప్పే కాలమ్‌ను ముందు చూస్తాను. ఆ గడి ఖాళీగా ఉంటేనే టెన్షన్: తీసేస్తే డేటా పోతుంది, ఉంచితే నమ్మకం పోతుంది.

ఒకసారి ఫిబ్రవరిలో పాలపిట్టలు అమాంతం పెరిగాయని గ్రాఫ్ గీసి సంబరపడ్డాను. ఆ నెలలో జనమంతా పక్షులను లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, పెరిగింది మనుషులు! అప్పటి నుంచి మ్యాప్‌ను గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో పాలపిట్ట రికార్డులను అక్కడి మొత్తం పక్షుల రికార్డులతో భాగించి చూస్తున్నాను. ఎంతసేపు వెతికారు, వెతికినా కనబడలేదా అన్నది కావాలంటే మాత్రం ఈబర్డ్ డేటాను అక్కడే విడిగా అడిగి తీసుకోవాలి.

నాకు బాగా నచ్చింది, ప్రతి డౌన్‌లోడ్‌కూ ఇచ్చే డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు. రెండేళ్ల తర్వాత లెక్క ఎందుకు మారిందని ఎవరైనా అడిగితే, ఆ రోజు ఏ డేటా తీసుకున్నానో చూపించగలను.

జీబిఫ్ డేటాను జిల్లాల మధ్య తేడాలకు ధైర్యంగా వాడతాను. మండలాల స్థాయికి దిగితే వాడను.

పోయిన దసరాకు మా చెరువు కట్ట మీద పావుగంట నిలబడి ఈబర్డ్‌లో చెక్‌లిస్టు పెట్టాను: పాలపిట్టలు రెండు. జీబిఫ్ మ్యాప్‌లో ఆ చుక్క ఇంకా పడలేదు. ఈబర్డ్ డేటా అక్కడికి మామూలుగా ఏడాదికోసారే చేరుతుంది.