రక్తవ్యాధులు, క్యాన్సర్: ఒకే విభాగమా, రెండు విభాగాలా? ఏది మేలు?

యూనివర్సిటీ హాస్పిటళ్లలో హెమటాలజీ (రక్తవ్యాధుల వైద్యం), ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) కొన్నిచోట్ల ఒకే విభాగం, కొన్నిచోట్ల వేర్వేరు. పిల్లల వైద్యంలో కలిపి ఉంచడమే మేలని నా గట్టి నమ్మకం. పెద్దల విషయంలో మాత్రం అంత తేలిగ్గా చెప్పలేను. రెంటికీ అమెరికాలోని బోస్టన్, స్టాన్‌ఫర్డ్ చరిత్రల్లోనే ఆధారాలున్నాయి.

ముందు బోస్టన్. హార్వర్డ్‌కు అనుబంధమైన అక్కడి పిల్లల ఆసుపత్రిలో మొదట ఇద్దరు డాక్టర్లవి వేరు దారులు. లూయీ డైమండ్ రక్తవ్యాధుల డాక్టరు. తల్లీబిడ్డల ఆర్‌హెచ్ గ్రూపులు సరిపడక చనిపోతున్న పసికందులకు బొడ్డు సిర గుండా రక్తం మార్చే పద్ధతిని నిలబెట్టినవాడు. సిడ్నీ ఫార్బర్ పెథాలజిస్టు, పనంతా మైక్రోస్కోపు దగ్గరే. లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ సంబంధిత పదార్థాలిచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు ఆయనకు కనిపించింది. అయితే ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకుంటే? ఆ అడ్డుకునే మందులు లెడర్లే అనే మందుల కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు బృందం దగ్గర తయారయ్యాయి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన మన సుబ్బారావే. 1947 చివర్లో ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో వచ్చిన వ్యాసం ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే. అయినా లుకేమియా మందుకు లొంగుతుందని మొదటిసారి గట్టిగా తెలిసింది. ఆ వ్యాసంలో ఫార్బర్ తర్వాతి పేరు డైమండ్‌దే! మార్గాలు వేరైనా మనుషులు కలిస్తే పని జరుగుతుందనడానికి ఇది సాక్ష్యం. విభాగాలు వేరుగా ఉండాలనేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయితే డబ్బు దగ్గర తేడా వచ్చింది. 1948లో జిమ్మీ అని పేరు మార్చి చెప్పిన ఒక క్యాన్సర్ పిల్లవాడి గురించి రేడియోలో ప్రసారమైంది. జనం విరాళాలు కురిపించారు. ఫార్బర్ సంస్థకు సొంత భవనం లేచింది, అదే ఇవాళ్టి డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థ. తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసీమియా బిడ్డ కోసం, రక్తం గడ్డకట్టని హిమోఫిలియా బిడ్డ కోసం జనం అంతగా కదిలినట్టు లేదు. విభాగాలు వేరైతే డబ్బంతా ఒక గుమ్మానికే పోతుంది. ఈ సంగతి నన్ను చాలా బాధిస్తుంది.

1970లలో డేవిడ్ నాథన్ నాయకత్వంలో పిల్లల ఆసుపత్రి రక్తవ్యాధుల విభాగమూ డానా-ఫార్బర్ పిల్లల క్యాన్సర్ విభాగమూ కలిశాయి. అక్కడి నుంచి వచ్చిన పని చూస్తేనే నాకు కలపడం మీద నమ్మకం కుదిరింది. ఎక్కించిన రక్తంతో తలసీమియా పిల్లల ఒంట్లో పేరుకునే ఇనుమును తీసేయడానికి డెస్‌ఫెరాల్‌ను చిన్న పంపుతో చర్మం కింద మెల్లగా ఎక్కించవచ్చని చూపిన బృందాల్లో వీళ్లూ ఉన్నారు. హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందు. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బులో, ఆ వంపును తగ్గించే పిండదశ హిమోగ్లోబిన్ ఈ మందుతో పెరుగుతుందని 1984లో ప్రచురించిన బృందంలో నాథన్ ఉన్నాడు. తర్వాత 1998లో అమెరికా ఆ మందును పెద్దవాళ్ల సికిల్ సెల్‌కు అనుమతించింది. ఒక వార్డు మందు పక్క వార్డుకు పనికొస్తుందన్న ఆలోచన, రెండు వార్డులూ రోజూ చూసేవాళ్లకే ముందు తడుతుంది. అదే బృందంలోని స్టువర్ట్ ఆర్కిన్ తర్వాత ఆ పిండదశ హిమోగ్లోబిన్‌ను అణచి ఉంచే బీసీఎల్11ఎ జన్యువు మీద చేసిన పని, 2023లో సికిల్ సెల్‌కు అనుమతి పొందిన జన్యు చికిత్స దాకా వెళ్లింది.

ఇక స్టాన్‌ఫర్డ్. అక్కడ పెద్దల హెమటాలజీ, ఆంకాలజీ వేరు విభాగాలు. కానీ హాడ్జ్‌కిన్ జబ్బు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) మీద గెలుపు అక్కడ రక్తవ్యాధుల విభాగంతో పొత్తువల్ల రాలేదు. రేడియేషన్ చూసే హెన్రీ కాప్లన్, ఆంకాలజీ డాక్టరు సాల్ రోజెన్‌బర్గ్ కలిసి రోగుల్ని చూసి, 1962 నుంచి పద్ధతిగా ట్రయల్స్ నడపడం వల్ల వచ్చింది. ఎవరితో ఎవరు కూర్చోవాలో జబ్బే చెబుతుంది. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి కావాల్సింది సర్జన్, రేడియేషన్ డాక్టరు. రక్తం గడ్డకట్టే జబ్బుల నిపుణుడితో అంత పని పడదు.

కలిపినచోట ఇంకో నష్టముంది. అమెరికాలో 1972లో హెమటాలజీకి, 1973లో ఆంకాలజీకి ప్రత్యేక బోర్డు పరీక్షలొచ్చాయి. చాలాచోట్ల రెంటికీ కలిపి శిక్షణ ఇస్తారు. చదువు ముగించిన యువ డాక్టర్లు ఎక్కువగా క్యాన్సర్ వైపే వెళతారు. క్యాన్సర్ కాని రక్తవ్యాధులు చూసేవాళ్లు తగ్గిపోతారు.

మన ఏజెన్సీ ప్రాంతాల సికిల్ సెల్ బిడ్డలకు ఈ చర్చ దూరం కాదు. వాళ్లు వాడేదీ ఆ హైడ్రాక్సీయూరియానే. పిల్లల విభాగం కొత్తగా పెట్టే టీచింగ్ హాస్పిటల్ రెంటినీ కలిపే పెట్టాలి. సికిల్ సెల్, తలసీమియా, హిమోఫిలియాలకు మాత్రం వేరే ఓపీ రోజు, వేరే పోస్టు, వేరే పద్దు ముందే రాసి ఉంచాలి. పెద్దల దగ్గర లుకేమియా, లింఫోమా, మజ్జ మార్పిడి ఒకచోట, గడ్డల క్యాన్సర్లు మరోచోట ఉండటమే మంచిదని నాకనిపిస్తుంది.