తిండికి వంకలు పెట్టేవారికి విజయనగరంలో ఒక మెస్సు

గంటస్తంభం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, పాత పెంకుటింటి వరండాలో నడిచే ఈ మెస్సుకు బోర్డు లేదు. వాకిట్లో ఒక రోలు, నాలుగు బల్లలు, ఆనాటి వంటలు సుద్దతో రాసిన పలక మాత్రమే దాని గుర్తులు. భోజనం 100 రూపాయలు. ముందురోజు చెబితే క్యారేజీ కడతారు. ఆదివారం సెలవు. మూడు నెలలుగా వారానికి నాలుగైదు రోజులు ఇక్కడ తిన్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. నలభై దాటిన వయసులోనూ ఆనపకాయ, వంకాయ, బెండకాయ పులుసు, తోటకూర పప్పు ముట్టని మనిషిని నేను. పెళ్లి భోజనాల్లో నా విస్తరి అంచున ఏరి పెట్టిన ముక్కల కుప్పను చూసి బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. నిరుడు రక్తపరీక్షలో చక్కెర కాస్త ఎక్కువగా కనిపించి, అన్నం తగ్గించి కూరలు పెంచమని డాక్టరు గారు చెప్పినప్పుడు, కూరలే తినని వాడు వేటిని పెంచాలన్న ప్రశ్న మిగిలింది.

మొదటి రోజున మెస్సు నడిపే పెద్దావిడ, "మీరేటి తినరో ముందు చెప్పండి బాబూ, ఏటి పెట్టాలో నేను చూసుకుంటాను" అన్నారు. నా జాబితా విని ఆమె నవ్వలేదు. ప్రతి కూరకూ రుచి నచ్చదా, జిగురు నచ్చదా, మెత్తదనం నచ్చదా అని విడివిడిగా అడిగారు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆలోచిస్తే, నాకు గిట్టనిది చాలావరకు రుచి కాదు, అది నోటికి తగిలే తీరు.

ఈ మెస్సు బలమంతా అక్కడే ఉంది. బెండకాయలను కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే తరుగుతారు. మూత పెట్టకుండా వేయిస్తారు కనుక జిగురు మిగలదు. లేత ఆనపకాయను కోరి, నీరు పిండి, చోడిపిండి (రాగిపిండి), ఉల్లిపాయ, జీలకర్రతో కలిపి పెనం మీద అంచులు కరకరలాడేలా రొట్టె కాలుస్తారు. ఆ పిండిన నీటినే పిండి కలపడానికి వాడతారు. మునగాకును నువ్వులతో పొడి కొడతారు. అన్నిటికన్నా నాకు నచ్చినది ఆవ పెట్టిన అరటికాయ కూర. ఆవపిండిని అప్పటికప్పుడు నూరి, కూర పొయ్యి మీద నుంచి దించాకే కలుపుతారు. వేడి మీద ఉడికితే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. కూరను దాచిపెట్టి మోసం చేయకుండా, దాని తీరు మార్చి పెట్టడం ఆమె పద్ధతి.

చోళ్లు మన ప్రాంతానికి కొత్త కావు. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చంపావతి, వేగవతి అని మన ఏర్ల పేర్లతోనే చోడి రకాలను విడుదల చేసింది. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూఇటూ. అయితే పలక మీద "షుగరుకు చోడి మంచిది" అని రాయడం నాకు నచ్చలేదు. చోళ్లలో పీచు ఎక్కువే అయినా పిండిపదార్థం బియ్యానికి మరీ తక్కువేమీ కాదు. నాలుగు రొట్టెలు తింటే నాలుగు రొట్టెల లెక్కే.

మరో లోపం కూర పరిమాణం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూరలు కావాలి. ఒకసారి క్యారేజీని ఇంట్లో తూకం వేస్తే (నా చాదస్తానికి మన్నించాలి) కూరలన్నీ కలిపి 180 గ్రాములు దాటలేదు, అన్నం మాత్రం గిన్నె నిండా ఉంది. అన్నం సగం చేసి కూర మరో గరిటె వేయమంటే అదనపు డబ్బు అడగకుండానే వేస్తున్నారు, కానీ ఆ మాట రోజూ గుర్తు చేయాల్సి వస్తోంది. పొడి, ఊరగాయ, అప్పడం మూడూ వేసుకుంటే రోజుకు 5 గ్రాముల ఉప్పు పరిమితిలో చాలా భాగం ఆ పూటే అయిపోతుందని నా అనుమానం. నేను అప్పడం మానేశాను.

నాలాంటివారు క్యారేజీ కన్నా అక్కడే కూర్చుని తినడం మేలు. మూసిన గిన్నెలో ఆవిరి పట్టి అరగంటలో వేపుడు మెత్తబడుతుంది, రొట్టె సాగుతుంది. ఏ మెత్తదనానికి భయపడి వెళ్లామో అదే ఇంటికి వస్తుంది.

వంకాయ ఒక్కటి ఇంకా తేలలేదు. పిల్లలకు కొత్త కూర అలవాటు కావాలంటే పది పదిహేను సార్లు రుచి చూపించాల్సి రావచ్చంటారు. పెద్దావిడ నన్నూ ఆ లెక్కలోనే వేసుకున్నట్టున్నారు. ప్రతి బుధవారం ఏమీ అనకుండా కంచం అంచున కారం పెట్టిన వంకాయ కూర ఒక ముక్క వేసి వెళ్తున్నారు. ఆరో బుధవారం ఆ ముక్క తిన్నాను. కాల్చిన వంకాయ పచ్చడిని మాత్రం ఇప్పటికీ పక్కకే జరుపుతున్నాను.