మూడో నిమిషానికి చేతులు బరువెక్కాలి

సంక్రాంతి సెలవులకు ఒంగోలులో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు మా మేనల్లుడితో కలిసి నాలుగు రోజులు బాక్సింగ్ గేములు ఆడాను. ఒకటి వాడి ప్లేస్టేషన్ 5 (పీఎస్5) గేమ్ కన్సోల్‌లో ఉన్న 'అన్‌డిస్ప్యూటెడ్'. రెండోది 'ఫైట్ నైట్ ఛాంపియన్', నెల్లూరు నుంచి నా పాత పీఎస్3ని బ్యాగులో పెట్టుకుని మరీ తీసుకెళ్లాను. మొదటిది 2024 అక్టోబరులో వచ్చిన ఆట, రెండోది 2011 నాటిది. ఏది బాగుంటుంది సార్ అని మా స్కూలు పిల్లలు అడుగుతూనే ఉంటారు, ఈ మధ్య వాళ్ల నాన్నలు కూడా అడుగుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నా గురించి ఒక్క ముక్క. నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. డిగ్రీ చదివిన మూడేళ్లూ 60 కిలోల విభాగంలో బాక్సింగ్ చేశాను. పొద్దున్నే ఐదింటికి రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున పరుగు, సాయంత్రం స్కిప్పింగ్, వేలాడే సంచీ మీద గుద్దులు, ఆ తర్వాత స్పారింగ్, అంటే తోటివాడితో సాధన పోటీ. యూనివర్సిటీ పోటీల దాకా వెళ్లాను, అక్కడితో ఆగిపోయాను. ఆట వదిలేసి ఇన్నేళ్లయినా టీవీలో ఎవరైనా జాబ్ (ముందున్న చేత్తో సూటిగా విసిరే గుద్దు) వేస్తే నా ఎడమ భుజం ఇప్పటికీ కదులుతుంది.

మేము మొదలుపెట్టినప్పుడు అమెచ్యూర్ బాక్సింగ్‌లో రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగు ఉండేవి. 2009 నుంచి మూడేసి నిమిషాల రౌండ్లు మూడు చేశారు. లెక్క వేస్తే మొత్తం మీద పెరిగింది ఒక్క నిమిషమే. కానీ రింగులో ఉన్నవాడికి అది లెక్క కాదు. రెండు నిమిషాలకు అలవాటుపడ్డ ఒంటికి ఆ మూడో నిమిషం కొత్త. చేతికి ఉన్నవి 10 ఔన్సుల గ్లవ్సే అయినా భుజం మీద వడ్ల బస్తా పెట్టినట్టుండేది. గార్డు, అంటే ముఖానికి అడ్డుపెట్టే చేతులు, పైకెత్తాలని తెలుసు, కానీ చెయ్యి లేవదు. "గడ్డం దించు, చెయ్యి ఎత్తు" అని మా సార్ మూల నుంచి అరుస్తూనే ఉండేవారు.

బాక్సింగ్ గేమ్‌ని నేను కొలిచేది ఆ మూడో నిమిషంతోనే. బాక్సర్ ముఖం అచ్చు గుద్దినట్టు దింపారా, చెమట చుక్క మెరుస్తోందా అనేవి నాకు తర్వాతి సంగతులు. గాలిలోకి పోయిన గుద్దుకు ఆట నా దగ్గర ఖరీదు వసూలు చేస్తోందా లేదా? అది చూస్తాను.

భోగి రోజు సాయంత్రం 'అన్‌డిస్ప్యూటెడ్' పెట్టాం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉన్న స్టీల్ సిటీ ఇంటరాక్టివ్ అనే సంస్థ చేసిన ఆట ఇది. 2023 జనవరిలో పీసీలో పూర్తికాని రూపంలోనే ముందుగా విడుదల చేసి, ఆడేవాళ్ల మాటలు వింటూ ఏడాదిన్నరకు పైగా దిద్దుకున్నారు. ఇందులో 70 మందికి పైగా అసలు బాక్సర్లున్నారు. మహమ్మద్ అలీ, షుగర్ రే రాబిన్సన్ దగ్గర్నుంచి ఇప్పటి కనెలో, ఫ్యూరీ, ఉసిక్ దాకా. కేటీ టేలర్ లాంటి మహిళా బాక్సర్లు కూడా ఉండటం నాకు చాలా నచ్చింది. మా స్కూల్లో నిఖత్ జరీన్ ఫొటో నోటుబుక్కు అట్ట మీద అంటించుకున్న అమ్మాయిలు ఇద్దరున్నారు. ఆడపిల్ల రింగులో ఉండటం ఆటలోనైనా మామూలుగా కనబడాలి కదా.

మా వాడు ఫ్యూరీని ఎంచుకున్నాడు, కారణం ఒక్కటే, అందరికన్నా పొడుగు. 6 అడుగుల 9 అంగుళాలు. నేను ఉసిక్‌ని తీసుకున్నాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచినవాడు, ఎడమచేతివాటం, ఒక్కచోట నిలబడడు. 2024 మేలో రియాద్‌లో ఈ ఇద్దరికే నిజంగా పోటీ జరిగింది. ఫ్యూరీ అంత ఎత్తున్నా ఉసిక్ గెలిచాడు, తొమ్మిదో రౌండులో ఫ్యూరీ తాళ్ల మీద పడుతూ లేస్తూ నిలబడ్డాడు. ఆ పోటీని రెండుసార్లు చూసినవాణ్ణి, నాకు ఆ ధైర్యం ఉంది.

గంట మోగగానే వాడు అన్ని బటన్లూ కలిపి నొక్కాడు. ఫ్యూరీ చేతులు గాలిలో తిరుగుతున్నాయి. నేను కొట్టలేదు. కుడికి రెండు అడుగులు, వెనక్కి ఒకటి, మళ్లీ కుడికి. ఈ గేమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, అడుగు. కాలు నేలకు పాతి బలంగా కొట్టే నడక వేరు, మడమ తేల్చి చుట్టూ తిరిగే నడక వేరు. రెండూ మన చేతిలోనే ఉంటాయి. తేలిపోతూ కొడితే గుద్దులో బలం ఉండదు, పాతుకుని నిలబడితే తప్పించుకోవడం కష్టం. మా సార్ మూడేళ్లు సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి నేర్పింది ఇదే. ఒక వీడియో గేమ్‌లో ఇది చూస్తానని నేను అనుకోలేదు.

"మామా, కొట్టకుండా ఊరికే తిరుగుతుండావేంది?" అన్నాడు మా వాడు.

రెండో రౌండు సగానికి, బాక్సర్‌కి ఎంత ఓపిక మిగిలిందో తెర మీద చూపించే పట్టీ వాడిది తరిగిపోయింది. మూడో రౌండులో ఫ్యూరీ గుద్దులు నీళ్లలో చెయ్యి ఊపినట్టు వస్తున్నాయి. అప్పుడు మొదలుపెట్టాను. జాబ్, జాబ్, పొట్టలోకి ఎడమ చెయ్యి, మళ్లీ పక్కకి. ఐదో రౌండులో ఫ్యూరీ పడ్డాడు. వాడు కంట్రోలర్ సోఫా మీద పడేసి "ఇది పని చెయ్యట్లేదు, బటన్ నొక్కినా కొట్టట్లేదు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆట పని చేస్తోంది, చాలా బాగా పని చేస్తోంది. కానీ ఎందుకు ఓడిపోయాడో వాడికి అది చెప్పలేదు. పట్టీ ఒకటి చూపించి ఊరుకుంది. మైదానంలో కొత్తగా వచ్చిన పిల్లాణ్ణి మొదటి రోజే ఊపిరాడకుండా చేసి ఒక్క మాటా చెప్పకుండా పంపేస్తే రెండో రోజు రాడు. పిల్లల్ని చూస్తున్నవాణ్ణి, ఇది గట్టిగా చెప్పగలను.

మరో లోటు కూడా ఉంది. గుద్దు తగిలినప్పుడు చేతికి దాని బరువు తెలియాలి. కడుపులో హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు) దిగితే మనిషి అరక్షణం మడతపడతాడు, ఆ అరక్షణం ఇందులో నాకు చాలాసార్లు కనబడలేదు. అడుగుల మీద పెట్టిన శ్రద్ధ గుద్దు తగిలే చోట కూడా పెట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పీఎస్3 తగిలించాం. 'ఫైట్ నైట్ ఛాంపియన్' ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) అనే గేముల కంపెనీ వాళ్ల ఆట. అందులో ఆండ్రే బిషప్ అనే బాక్సర్ కథ ఉంటుంది. కథ జైల్లో, గ్లవ్సు లేని కొట్లాటతో మొదలవుతుంది, రక్తం, బూతులు ఉంటాయి. నిజానికి ఇది పెద్దవాళ్ల కోసం అని రేటింగ్ ఇచ్చిన ఆట. 13 ఏళ్లవాడితో ఆడించే ముందు అక్కను అడిగాను, నేను పక్కన కూర్చుంటానంటేనే సరేనంది. తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇందులో కూడా గుద్దుకు ఖరీదు ఉంది. కాకపోతే మెల్లగా వసూలు చేస్తుంది. మొదటి రౌండులో మా వాడు ఇష్టమొచ్చినట్టు కొట్టాడు, కొన్ని తగిలాయి, సంబరపడ్డాడు. మూడో రౌండుకు మెల్లగా ఊపిరి తగ్గింది. అప్పటికి వాడికి ఆట మీద మనసు పడింది కాబట్టి వదిలెయ్యలేదు, "ఎందుకు మామా స్లో అయ్యాడు?" అని అడిగాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే సగం బాక్సింగ్ వచ్చినట్టే.

కథలో ఒకచోట బిషప్ కుడిచెయ్యి విరుగుతుంది. ఎడమ చేత్తోనే గెలవాలి. ఆ పోటీ మా వాడు పదకొండుసార్లు ఆడాడు. మధ్యలో అక్క వంటింట్లోంచి వచ్చి "ఏందిరా ఈ కొట్టుకోవడం, గారెలు చల్లారిపోతుండాయి" అంది. వాడు కదల్లేదు. అక్క ఐదు నిమిషాలు నిలబడి చూసి, "ఆ రిమోట్ ఇట్టివ్వు" అని తీసుకుంది. ఏ బటన్ ఏమిటని రెండు ప్రశ్నలు అడిగింది. కుడిచెయ్యి వాడకూడదంతే కదా అని ఎడమ జాబ్ ఒక్కటే పట్టుకుని, దూరంగా ఉంటూ, ఒక రౌండు గెలిచేసింది. జీవితంలో గేమ్ ఆడని మనిషి. దగ్గరికి రానివ్వకుండా ఎడమ చెయ్యి చాచి ఉంచడమనే బాక్సింగ్ మొదటి పాఠం ఆమెకు ఎవరూ చెప్పకుండానే దొరికింది. తేలికగా ఉండే ఆటంటే నాకున్న గౌరవం ఇందుకే.

ఇక్కడ బటన్ల గొడవ ఒకటి చెప్పాలి. 2009లో వచ్చిన 'ఫైట్ నైట్ రౌండ్ 4'లో మొదట బటన్లతో గుద్దే వీలే లేదు. కంట్రోలర్ మీద బొటనవేలితో కదిపే కుడివైపు స్టిక్ తిప్పితేనే గుద్దు. హుక్ కావాలంటే స్టిక్‌ని చాపంలా తిప్పాలి, అదే నిజానికి దగ్గర అని వాళ్ల లెక్క. ఆడేవాళ్లు గట్టిగా అడిగితే తర్వాత అప్‌డేట్‌లో బటన్లు ఇచ్చారు. స్టిక్ అంటే నిజం, బటన్ అంటే పిల్లలాట అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రింగులో జాబ్ వెయ్యాలని ఆలోచించి వేస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. వేల సార్లు సంచీ మీద కొట్టింది ఎందుకంటే అది మనసు దాకా వెళ్లకుండానే చెయ్యి వదలాలని. బటన్ నొక్కగానే జాబ్ పడటం నాకు తెలిసిన జాబ్‌కి దగ్గరగా ఉంటుంది. బొటనవేలితో చాపం గియ్యడంలో కష్టం ఉంది, ఒప్పుకుంటాను, కానీ ఆ కష్టం బాక్సర్‌ది కాదు.

ఇంకో మాట. 1992 నుంచి 2012 దాకా ఒలింపిక్ బాక్సింగ్‌లో పాయింట్లు లెక్కపెట్టింది బటన్లే. రింగు చుట్టూ ఐదుగురు జడ్జీలు, అందులో చాలా ఏళ్లు కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపు బటన్ నొక్కితేనే పాయింటు. 2008లో బీజింగ్‌లో విజేందర్ సింగ్ కాంస్యం గెలిచింది ఆ పద్ధతిలోనే. ఆ పతకం చూసి మా జిమ్‌కి ఒక్క నెలలో పాతికమంది కుర్రాళ్లు వచ్చారు.

నేను మొదట ఆడిన బాక్సింగ్ గేమ్ కూడా ఆ రోజుల్లోదే. వీఆర్సీ సెంటర్ దగ్గర సందులో పీఎస్2లు పెట్టిన చిన్న గది ఉండేది, గంటకు 20 రూపాయలు. 'ఫైట్ నైట్ రౌండ్ 3' అక్కడే ఆడాను. కింద పడితే తెర మసకబారేది, రిఫరీ అంకెలు చెబుతుంటే రెండు స్టిక్‌లూ కదిపి ఆ మసకను సర్దుకుని లేవాలి. అది చూసి నాకు ఒళ్లు జలదరించింది. అంతకు నెల ముందే ఒక కాలేజీల పోటీలో ఎడమ దవడ మీద తిని పడ్డాను. అప్పుడు రిఫరీ వేళ్లు కనబడ్డాయి. నాలుగు, ఐదు. మాట మాత్రం వినబడలేదు, ఎక్కడో నీళ్లు పారుతున్నట్టు ఒక్కటే హోరు. కాన్వాసు నుంచి పాత దుప్పటి వాసన. ఎవరు తయారుచేశారో గానీ ఆ మసక తెర చేసినవాళ్లు పడ్డవాణ్ణి అడిగి తెలుసుకునే చేసి ఉంటారని నాకు అప్పుడే అనిపించింది. ఆ గేమ్‌లో ముఖాలు ఇప్పటి వాటితో పోలిస్తే మైనపు బొమ్మల్లా ఉంటాయి. అయినా కింద పడి లేచే ఆ కొన్ని సెకన్లు నిజం.

బొమ్మల ఆటలో కూడా నిజం ఉండొచ్చని నేను నమ్ముతాను. 1987లో నింటెండో వాళ్లు తెచ్చిన 'పంచ్ అవుట్'లో బుడ్డ కుర్రాడు కొండంత మనుషులతో తలపడతాడు, అంతా కార్టూను. చివర్లో టైసన్ వస్తాడు. మొదటి 90 సెకన్లు కింది నుంచి పైకి గడ్డం మీదికి వచ్చే అతని అప్పర్‌కట్ ఒక్కటి తగిలినా కింద పడాల్సిందే. ఆ తొంభై సెకన్లు చేతులు చెమటపడతాయి. ఫోన్లలో వేలితో గీసి కొట్టే 'రియల్ బాక్సింగ్' లాంటివి మా పిల్లలు బస్సులో ఆడుకుంటారు, కాలక్షేపానికి సరే, అంతకుమించి నాకు చెప్పడానికేమీ దొరకలేదు.

కొనేవాళ్లకు నా మాట ఇది. పెద్ద పిల్లలు ఇంట్లో ఉండి, పాత పీఎస్3 గానీ ఎక్స్‌బాక్స్ గానీ ఉంటే 'ఛాంపియన్'తో మొదలుపెట్టండి. ఇప్పటి ఎక్స్‌బాక్స్‌లో కూడా ఆడుతుంది, పీసీకి, పీఎస్5కి మాత్రం లేదు. ఒక్కసారైనా గ్లవ్సు తొడిగినవాళ్లు, లేదా బాక్సింగ్ పోటీలు నిద్ర మానుకుని చూసేవాళ్లు 'అన్‌డిస్ప్యూటెడ్' తీసుకోండి. అందులో ఆ అడుగుల కోసమే నేను కొంటాను. మొదటి వారం ఓడిపోతారు. కొట్టడం మానేసి నడవడం నేర్చుకోండి, రెండో రౌండు దాకా జాబ్ తప్ప ఇంకేమీ వెయ్యొద్దు.

పీఎస్3 ఒంగోల్లోనే వదిలేసి వచ్చాను, వేసవి సెలవుల దాకా వాళ్ల దగ్గరే. కథలో చివర ఐజక్ ఫ్రాస్ట్ దగ్గర ఆగిపోయాడు మా వాడు. నిన్న రాత్రి పదిన్నరకు ఫోను. "మామా, వాడి తల మీద ఎంత కొట్టినా పడట్లేదు."

"తల వదిలెయ్. పొట్ట మీద కొట్టు" అన్నాను.

"ఎన్ని రౌండ్లు?"

"వాడి చేతులు కిందికి దిగేదాకా. అక్క నిద్రపోయిందా? అయితే సౌండు తగ్గించి ఆడు."