కీచురాయి కాదు, పొగ అలారం

పొగ తగిలితే మోగే ఈ అలారాన్ని ఇంగ్లండులో ఉంటున్న మా తమ్ముడు మూడేళ్ళ కిందట వస్తూ తెచ్చాడు. అమలాపురంలో మేం అద్దెకుంటున్న మేడ మీద పోర్షన్‌లో, హాల్లో బిగిద్దామంటే ఓనరుగారు ససేమిరా అన్నారు. "శ్లాబుకి డ్రిల్లు పెడితే వానాకాలం నీరు దిగిపోద్దండి, ఆయ్!" చివరికి డబుల్ టేపుతో అంటించాం.

కొత్తలో చుట్టాలందరికీ కొనుక్కోమని చెప్పాను. పులిహోర తాలింపుకి, భోగి నాటి పొగకి మోగినా నవ్వుకున్నాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే కాస్త ఆలోచించి చెబుతున్నాను. కారణం బ్యాటరీ.

కిందటి శ్రావణంలో ఒక రాత్రి రెండున్నరకి కీచుమంది. నిమిషానికొకసారి అదే అరుపు. వాన వెలిసిన రాత్రి, బయటంతా కప్పలు, కీచురాళ్ళు. ఒకటి ఇంట్లో దూరిందనుకుని బీరువా వెనక టార్చి వేసి వెతికాను. మా ఆవిడ బియ్యం డబ్బాలన్నీ జరిపింది. ఎండెక్కాక ఆగింది, మర్నాడు రాత్రి మళ్ళీ మొదలు. మూడో రాత్రికి గానీ నెత్తి మీద నుంచి వస్తోందని తెలియలేదు. బ్యాటరీ నీరసిస్తే అలా అరుస్తుందట, గాలి చల్లబడితే ఇంకా నీరసిస్తుందట. ఒళ్ళుమండి పీకేసి పడుకున్నాను.

కొత్త బ్యాటరీ ఎవరు కొనాలి? "బల్బు పోతే మీరే కదండీ మార్చుకునేది" అన్నారు ఓనరుగారు. పట్టుదలకొద్దీ తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ 2015 నుంచి ప్రతి అంతస్తుకీ ఒకటి పెట్టి, అద్దెకు దిగే రోజున మోగుతోందో లేదో చూడాల్సింది ఓనరే. 2022 అక్టోబరు నుంచి, పాడైందని చెబితే బాగుచేయించడమో మార్చడమో కూడా ఆయన పనే. బ్యాటరీ మటుకు ముందు అద్దెకున్నవాళ్ళనే మార్చి చూడమంటారట! ఈ సంగతి ఓనరుగారికి చెప్పలేదు.

పది రోజులు బద్ధకించి, నేనే కొని వేశాను. ఆ తర్వాత నెలకి, దోమల కాయిల్ తగిలి దుప్పటి అంచు రాజుకుంటే, మంట లేవకముందే అందర్నీ లేపింది. అది ఒప్పుకోవాలి.

కాయిల్ వెలిగించి పడుకునే ఇల్లయితే కొనండి. వంటగదీ హాలూ ఒకటే అయితే మాత్రం నేను చెప్పను. పదేళ్ళకి మార్చాలని వెనక రాసుంది, ఈ పోర్షన్‌లో మేం అన్నాళ్ళుండం. ఖాళీ చేసేటప్పుడు పట్టుకెళ్దామంటోంది మా ఆవిడ. ఓనరుగారు ఇప్పటినుంచే శ్లాబుకేసి, టేపు మరక పడుతుందేమోనని చూస్తున్నారు.