అనంతపురం యాత్ర: నెలను బట్టి ఊరు, పొద్దును బట్టి కొండ

అనంతపురం పేరు చెప్పగానే ఎండ, కరువు గుర్తొచ్చి చాలామంది బెంగళూరు రోడ్డు మీద ఆగకుండా దాటేస్తారు. ఎండ నిజమే. అయితే 2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఈ పాత జిల్లా అంతటా ఒకే రకం ఎండ ఉండదు. అనంతపురం పట్టణం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. హిందూపురం 600 మీటర్లు దాటుతుంది. పెన్న ఒడ్డున ఉన్న తాడిపత్రి అనంతపురం కంటే పల్లం. ఎండాకాలంలో పగలు ఈ తేడా రెండు మూడు డిగ్రీలకు మించకపోవచ్చు గానీ, రాత్రి నిద్ర పట్టేదీ పట్టనిదీ దాని మీదే ఉంటుంది. అందుకే మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా వచ్చేవాళ్లు బస హిందూపురం, లేపాక్షి వైపు పెట్టుకుని, తాడిపత్రిని పొద్దున్నే చూసి వెనక్కి రావడం మేలు.

ఇక్కడ ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాల నీళ్లు చాలావరకు పడమటి కనుమలకు అవతలే కురిసిపోతాయి, మనకు ఎక్కువగా మిగిలేది గాలి. ఈశాన్య రుతుపవనాల్లో వచ్చే వాయుగుండాలు కోస్తా నుంచి ఇక్కడికి చేరేసరికి నీరసిస్తాయి. రెండు వైపులా నష్టమే. ఈ లెక్క యాత్రికుడికి మాత్రం కలిసొస్తుంది. జులై, ఆగస్టుల్లో ఆకాశం మబ్బుగా ఉంటుంది, గాలి హోరున వీస్తుంది, వాన మాత్రం చాలా రోజులు తుంపర దాటదు. వేరుశనగ రైతుకు గుండె దడ పుట్టించే ఈ మబ్బులే కోటలెక్కేవాళ్లకు గొడుగు. పెద్దగా ఎవరూ రాని ఈ రెండు నెలలే, మా లెక్కన, డిసెంబరు, జనవరి తర్వాత మంచి కాలం.

ఆషాఢం గాలిని తక్కువ అంచనా వేయకూడదు. రామగిరి, ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. గుత్తి కోట పైన టోపీకి తాడు లేకపోతే అది లోయలోకి పోతుంది. తెరిచిన గొడుగు తిరగబడుతుంది. బండి మీద తిరిగేవాళ్లకు పడమటి గాలి పక్క నుంచి కొడుతుంది. లారీని దాటేటప్పుడు దాని చాటున గాలి ఆగి, ముందుకు రాగానే ఒక్కసారిగా తోస్తుంది. అక్కడ హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. కళ్లజోడు లేకపోతే ఎర్రమట్టి దుమ్ముతో సాయంత్రానికి కళ్లు మండుతాయి.

గుత్తి కోట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. కొండ చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 300 మీటర్లు లేస్తుంది. దారిలో నీడ తక్కువ, పైన తాగడానికి నీళ్లుండవు, అంగడి లేదు. తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండుకు పైకి చేరితే దిగడం ఎక్కడం కంటే కష్టమవుతుంది, ఎందుకంటే అప్పటికి కొండరాయి వేడెక్కి కింద నుంచి సెగ కొడుతుంది. ఆరింటికల్లా అడుగు పడాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్లుండాలి, తొమ్మిదిన్నరకు కింద ఉండాలి. సాయంత్రం ఎక్కుదామనుకోవడం తెలివనిపిస్తుంది గానీ ఎండాకాలంలో పొద్దుగూకాక కూడా ఆ రాయి వేడి వదలదు, చీకట్లో దిగుడు వేరే ప్రమాదం. వాన పడ్డ మర్నాడు గుండ్లు పాచి పట్టి జారతాయి. నున్నగా అరిగిన చెప్పులతో వెళ్లకండి. పైన ఒకప్పటి గుత్తి మరాఠా పాలకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపం దగ్గర గాలికి చెమట ఇట్టే ఆరిపోతుంది, దాహం తెలియదు. అయినా ఆగి నీళ్లు తాగాలి. దిగాక ఉగ్గాని, బజ్జి.

లేపాక్షిలో ఇబ్బంది అరికాళ్లకు. వీరభద్రాలయం ప్రాకారంలో చెప్పుల్లేకుండా తిరగాలి. ఏడు పడగల నాగలింగం, అసంపూర్తి కల్యాణమంటపం రెండూ ఆరుబయటే. ఏప్రిల్‌లో పదకొండు దాటితే బండ మీద కాలు నిలవదు. పొద్దున ముందు బయటివి చూసి, ఎండ ముదిరాక నాట్యమంటపం లోపలికి చేరి పైకప్పు బొమ్మలు తీరిగ్గా చూసుకోవాలి. అందరూ ఆ మంటపం లోపలే ఉన్న వేలాడే స్తంభంతో మొదలుపెట్టి ఈ వరుసను తలకిందులు చేస్తారు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయానికీ ఇదే మాట. దానికి తోడు ఆ ఊళ్లో నాపరాళ్ల వేడి కూడా ఉంటుంది.

మండుటెండలో పెట్టుకోదగ్గది తిమ్మమ్మ మర్రిమాను ఒక్కటే. కదిరి దగ్గర దాదాపు ఐదెకరాల నీడ అది. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం ఊళ్లో గది ఆశ వదులుకుని పుట్టపర్తిలో దిగండి. సత్యసాయిబాబా పుట్టినరోజు నవంబరు 23 దగ్గరపడితే పుట్టపర్తిలోనూ దొరకదు.

గదుల సంగతి. అనంతపురం లాడ్జీల్లో పై అంతస్తు గది చవగ్గా ఇస్తారు. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి రెండింటి దాకా వేడి దింపుతూనే ఉంటుంది, కాబట్టి మధ్య అంతస్తు, తూర్పు కిటికీ అడగండి. ఏప్రిల్‌లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది గనక ఏసీ లేకున్నా కూలర్ బాగా పనిచేస్తుంది, ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచితేనే. అన్నీ మూసేస్తే గంటలో గది ఉక్కపోస్తుంది, అప్పుడు కూలర్‌ను తిట్టి లాభం లేదు. అక్టోబరులో మాత్రం కూలర్ దండగ. లేపాక్షిలో టూరిజం వాళ్ల హరిత గుడికి దగ్గర. భోజనానికి ఎంపిక కావాలంటే 15 కిలోమీటర్ల దూరంలో హిందూపురమే నయం. పుట్టపర్తి ఆశ్రమం గదులు శుభ్రంగా, చవగ్గా ఉంటాయి, వాళ్ల వేళలకు లోబడి ఉండగలిగితే. ఎక్కడున్నా బోరు నీళ్లు తాగొద్దు. ఫ్లోరైడ్ బెడద ఉన్న నేల ఇది.

ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు నుంచి మధ్యాహ్నం బయలుదేరితే కుడివైపు కూర్చోండి, ఎండ ఎడమ కిటికీలోంచి పడుతుంది.

భయపడాల్సిన నెలలు మే కాదు, సెప్టెంబరు, అక్టోబరు. ఏడాదిలో ఎక్కువ వాన అప్పుడే, అదీ ఒకటి రెండు రాత్రుల్లోనే కుమ్మరించేస్తుంది. చెరువులు గొలుసుగా ఉన్న నేల కాబట్టి పైచెరువు తెగితే కింది చెరువూ, ఊరూ వరసగా మునుగుతాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు నీట మునిగాయి. పెన్న, చిత్రావతి రెండూ కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టినవి. మనకు ఎండ కాస్తున్నా పైన వాన పడితే నీళ్లొస్తాయి. వంక మీద కాజ్‌వే దగ్గర అంచు రాళ్లు కనిపించకపోతే బండి దింపొద్దు. ఎర్రనీళ్లలో లోతు తెలియదు, కింద రోడ్డు కోసుకుపోయి ఉండొచ్చు. నాలుగైదు గంటలాగితే చాలా వంకలు తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ముంగారు ముందు జల్లులు వేరు: సాయంత్రం గాలిదుమారం, ఉరుములు, అరగంట వాన. ఆ వేళకు కొండ మీద, ఒంటరి చెట్టు కింద ఉండకూడదు.

డిసెంబరు, జనవరి సుఖం. హిందూపురం, మడకశిర వైపు తెల్లవారుజామున మంచు పడుతుంది, హైవే మీద ఏడున్నర దాకా వేగం వద్దు. పగటి ఎండ చూసి స్వెటర్ వదిలేసి వచ్చేవాళ్లు రాత్రి వణుకుతారు. చిలమత్తూరు దగ్గర వీరాపురానికి ఎర్రకాళ్ల కొంగలు వచ్చేది ఈ చలికాలం చివర్లోనే. ఊళ్లో సైబీరియా పక్షులంటారు గానీ అవి మన దేశపువే. ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి కాబట్టి పెద్ద కెమెరా అక్కర్లేదు. అంతకు ముందటి అక్టోబరు వానకు చెరువులు నిండాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. చెరువు ఎండితే తిండి దొరక్క కొంగలు తక్కువగా వస్తాయి.