మూడు బొమ్మరిళ్లు, ఒక లక్కబిందె

న్యూజెర్సీలో మా ఇంట్లో 16 ఏళ్లుగా మూడు బొమ్మరిళ్లు ఉన్నాయి. మా ఇద్దరు ఆడపిల్లలూ, సెలవులకొచ్చిన చుట్టాల పిల్లలూ తనివితీరా ఆడినవే. నా చిన్నప్పుడు అమ్మమ్మ కొనిచ్చిన ఏటికొప్పాక లక్కపిడతలు కూడా ఈ మూడిళ్లలోనూ కాపురం చేశాయి. వాటిలోని అంగుళం ఎత్తు బిందే నాకు కొలబద్ద.

మొదటిది 1950ల నాటి రేకు ఇల్లు. గరాజ్ సేల్‌లో 15 డాలర్లకు దొరికింది. కర్టెన్లు, తివాచీలు, వంటింటి అలమర్లు, బయట గోడకు పాకిన తీగ, అన్నీ రేకు మీద అచ్చువేసినవే. దీపాల్లేవు, తలుపులు తెరుచుకోవు. అంచులు కోసుకుంటాయని చుట్టూ టేపు అంటించాను. వెనకవైపు మొత్తం ఖాళీ కాబట్టి చెయ్యి ఎక్కడికైనా పోతుంది. అసలింట్లో అడుగుకి ఇందులో ముప్పావు అంగుళం లెక్క. మా బిందె పెడితే పెళ్లివారి గుండిగలా కనిపించేది.

రెండోది గులాబీరంగు ప్లాస్టిక్ మేడ. ఈ రకం ఇళ్లకు పెద్దక్క, బార్బీ బొమ్మ కోసం చేసిన డ్రీమ్‌హౌస్. 1962లో వచ్చిన మొదటి డ్రీమ్‌హౌస్ అట్టతో చేసిన ఒకే గది. సూట్‌కేసులా మడిచి పట్టుకెళ్లొచ్చు, వంటగది లేదు. అప్పు ఇచ్చేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని అమెరికాలో చట్టం వచ్చింది 1974లో. అంతకు పన్నెండేళ్ల ముందే ఒంటరి ఆడబొమ్మకు సొంతిల్లు! ఆ 1974లోనే మూడంతస్తుల టౌన్‌హౌస్, తాడు లాగితే కదిలే లిఫ్టు వచ్చాయి. 1997లో చక్రాల కుర్చీతో బెకీ అనే బొమ్మను తెచ్చారు, తీరా ఆ కుర్చీ డ్రీమ్‌హౌస్ లిఫ్టులో పట్టలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈమధ్య వస్తున్న ఇళ్లలో ఆ కుర్చీ పడుతోంది, సంతోషం.

మా ప్లాస్టిక్ మేడ వేరే కంపెనీది. గంట, దీపాలు, నీళ్ల చప్పుడు, అన్నీ బ్యాటరీల మీదే. రెండేళ్లకు గంట మూగబోయింది, తర్వాత లిఫ్టు ఇరుక్కుంది. విడిభాగాలు అడిగితే ఆ మోడల్ ఆపేశామన్నారు. అంతకన్నా పెద్ద లోటు, పొయ్యి గోడకే పోతపోసి ఉండటం. సంక్రాంతికి ఆ గదిని కొలువుగది చేద్దామని మా పెద్దది ఎంత ముచ్చటపడినా కుదరలేదు. పదకొండున్నర అంగుళాల బొమ్మల ఇల్లు కదా, ఇందులో మా బిందె చెంబైపోయింది.

మూడోది చెక్క ఇల్లు, అడుగుకి ఒక అంగుళం లెక్క. ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లుదీ ఇదే కొలత. 1924లో పూర్తయిన ఆ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, లిఫ్టులు నడుస్తాయి, దీపాలు వెలుగుతాయి. దాన్ని గీసింది ఎడ్విన్ లుట్యెన్స్, ఢిల్లీలో మన నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కట్టినాయనే. మా చెక్క ఇంట్లో అవేవీ లేవు. ఉన్నది ఆరు ఖాళీ గదులు, ఒక మెట్ల వరస, ముందు రెండు తలుపులు.

ఇన్నేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఆడింది దీంతోనే. గోడలు తెల్లగా ఉంటాయి కాబట్టి ఒక వేసవిలో బడి, మరో వేసవిలో ఆసుపత్రి, జనవరిలో బొమ్మల కొలువు. మా బిందె ఇక్కడ అచ్చంగా అడుగెత్తు బిందే! పిడతలన్నీ కొలిచి చేయించినట్టు అమరాయి.

లోపాలూ ఉన్నాయి. బరువు ఎక్కువ, ఇద్దరు పట్టాలి. ఒక ఏడాది బేస్‌మెంట్‌లో ఉంచితే చెమ్మకు అడుగుచెక్క ఉబ్బింది, దాన్ని మార్చాల్సొచ్చింది. తలుపు మడతబందులు రెండుసార్లు ఊడాయి. రెండుసార్లూ వీధి చివరి హార్డ్‌వేర్ కొట్లో దొరికిన మామూలు మడతబందులే సరిపోయాయి.