హనుమకొండలో ఒక రాత్రి బస: కాళోజీ కళాక్షేత్రం కోసం

కరీంనగర్ నుంచి వరంగల్ చూడటానికి వచ్చేవారు సాధారణంగా వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం, కోట చూసుకొని చీకటి పడేలోగా తిరుగు బస్సు ఎక్కేస్తారు. ఈసారి మేము బాలసముద్రంలోని కాళోజీ కళాక్షేత్రంలో సాయంత్రం జరిగే పేరిణి నృత్య ప్రదర్శన కోసమే బయలుదేరి, మిగిలినవన్నీ దాని చుట్టూ సర్దుకున్నాము.

ఈ భవనానికి 2014 సెప్టెంబర్ 9న, కాళోజీ నారాయణరావు శతజయంతి నాడు శంకుస్థాపన జరిగితే, ప్రారంభోత్సవం 2024 నవంబర్ 19న గాని జరగలేదు. అధికారంలో ఎవరున్నా నిలదీసిన ఆ ప్రజాకవి బతికి ఉంటే, తన పేరిట జరిగిన ఈ పదేళ్ల జాప్యం మీదే ఒక కవిత రాసి ఉండేవారేమో. అంతకాలం నగరంలోని కళాకారులకు పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ పేరిట ఉన్న ప్రాంగణమే పెద్ద దిక్కు. రవీంద్రభారతి స్థాయి వేదిక కావాలంటే హైదరాబాద్ దారి పట్టవలసిందే. చెట్ల నడుమ ఉన్న ఆ పాత ప్రాంగణంలోని చనువు కొత్త భవనానికి ఇంకా అబ్బలేదని నాకు అనిపించింది గాని, నృత్యానికి మాత్రం ఇదే తగిన చోటు.

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని తన నృత్యశాస్త్రంలో వర్ణించిన పేరిణిని, ఆ గ్రంథమూ రామప్ప గుడి శిల్పాలూ ఆధారంగా, 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ తిరిగి నిలబెట్టారు. మద్దెల ఒక్కసారిగా ఆగినప్పుడు నర్తకుల గజ్జెలు మాత్రమే, మొదట ఒక కాలివి, ఆపైన రెండు కాళ్లవీ, మా వరుస దాకా విడివిడిగా వినిపించాయి. మర్నాడు రామప్పకు వెళ్లి మండపం దగ్గరి నాట్యశిల్పాలను చూసినప్పుడు, ఆ భంగిమలు రాతిలో చెక్కినవిగా కాక ముందురాత్రి చూసినవిగానే తోచాయి. అందుకే ముందు ప్రదర్శన, తరువాత గుడి అన్న వరుసనే నేను సిఫారసు చేస్తాను.

బస విషయానికి వస్తే, నక్కలగుట్టలోని పర్యాటక శాఖ హోటల్ హరిత కాకతీయ కుటుంబాలకు అనువుగా ఉంటుంది. మేము దిగిన లాడ్జి బస్టాండుకు దగ్గరే గాని, వేడినీళ్లు తెల్లవారి కాసేపే వచ్చాయి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య రెండంతస్తులు మెట్లెక్కవలసి వచ్చింది. ప్రదర్శన ముగిశాక ఆటో అతను పగటి ధరకు రెట్టింపు అడిగాడు. కాబట్టి పెద్దవాళ్లతో వచ్చేవారు బాలసముద్రం చుట్టుపక్కలనే గది చూసుకోవడం, కార్యక్రమం ఏ రోజున ఉందో ముందుగా ఫోన్‌లో కనుక్కొని బయలుదేరడం, భోజనం ప్రదర్శనకు ముందే ముగించడం మేలు.